త్యాగయ్య ఇంట్లో పోతన భాగవతం

కర్ణాటక సంగీత కచేరీ ఎక్కడ జరిగినా చివర మంగళం పాడతారు. ఎక్కువసార్లు ఆ మంగళం సౌరాష్ట్ర రాగంలో ఉంటుంది. పవమాన అనే మాట వినగానే కచేరీ అయిపోయిందని అందరికీ తెలిసిపోతుంది. కొందరు చేతులు జోడిస్తారు, కొందరు చెప్పులు వెతుక్కుంటారు. ఆ పాట ఒక నాటకం కోసం పుట్టిందని మాత్రం చాలామందికి తెలియదు. ఆ నాటకం పేరు ప్రహ్లాద భక్తి విజయం. రాసినవారు త్యాగరాజస్వామి. దాని వెనుక ఉన్న కథను తెలుగులో అందరి నోటా పలికించినవారు బమ్మెర పోతన.

త్యాగయ్య అనగానే మనకు పంచరత్న కీర్తనలు గుర్తుకు వస్తాయి. తిరువయ్యారులో ఏటా జరిగే ఆరాధన గుర్తుకు వస్తుంది. ఆయన గేయనాటకాలు కూడా రాశారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. పాఠ్యపుస్తకాల్లోనూ ఆ విషయం ఒక వాక్యంతో సరిపోతుంది. అందుకే ఈ సంచికలో త్యాగయ్య జీవితాన్ని ఆ నాటకాల వైపు నుంచి చెప్పుకుందామని అనుకున్నాం. ఒక కవి పుస్తకం ఒక ఇంట్లోకి వస్తే ఏం జరుగుతుందో ఆ జీవితంలో బాగా కనిపిస్తుంది.

తెలుగు నేలకు దూరంగా తెలుగు ఇల్లు

త్యాగరాజు 1767 మే 4న తిరువారూరులో జన్మించారు. తండ్రి కాకర్ల రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. ఇంటిపేరులోని కాకర్ల తెలుగు నేల మీది ఊరు. వారి పూర్వీకులు ఎప్పుడో అక్కడి నుంచి దక్షిణానికి తరలివెళ్లారు. కాబట్టి త్యాగయ్య పుట్టింది, పెరిగింది, కన్నుమూసింది అంతా తమిళ నేల మీదే. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు, పూజలో సంస్కృతం. అండమాన్‌లో ఉంటున్న మనకు ఈ పరిస్థితి కొత్తేమీ కాదు. బజారులో హిందీ, బడిలో ఇంగ్లీషు, ఇంటికి వెళ్తే అమ్మతో తెలుగు. మనలో చాలామంది తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడలో సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చినవారే.

అయితే తంజావూరు ప్రాంతంలో అప్పటికి తెలుగు ఒంటరిగా లేదు. విజయనగర రాజుల కాలం నుంచి, ఆ తరువాత నాయక రాజుల పాలనలో ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. నాయకుల తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదల్లేదు. వారిలో షాహాజీ మహారాజు తానే తెలుగులో యక్షగానాలు రాశారు. తంజావూరు దగ్గరి మెలట్టూరులో వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలను అక్కడివారు నేటికీ భాగవత మేళంగా ప్రదర్శిస్తున్నారు. వాటిలో ప్రహ్లాద చరిత్ర కూడా ఉంది. త్యాగయ్య చిన్నతనానికి ఆ శాస్త్రిగారు జీవించే ఉన్నారు. పాట, పద్యం, నాటకం కలిసి నడిచే వాతావరణంలో త్యాగయ్య పెరిగారు.

రామబ్రహ్మం గారు రామాయణ ప్రవచనాలు చెప్పేవారు. కుటుంబం తిరువారూరు నుంచి కావేరి ఒడ్డున ఉన్న తిరువయ్యారుకు మారింది. తల్లి సీతమ్మ పురందరదాసు పదాలు, భద్రాచల రామదాసు కీర్తనలు పాడుతూ ఉంటే పిల్లవాడు విని నేర్చుకున్నాడని చెబుతారు. సంగీతంలో గురువు శొంఠి వెంకటరమణయ్య. ఆయనదీ తెలుగు కుటుంబమే.

ఇంకో గురువు ఆ ఇంట్లోనే ఉన్నారు. మనిషి రూపంలో కాదు, పుస్తకం రూపంలో. అదే పోతన భాగవతం.

ఓరుగల్లు సీమ నుంచి కావేరి దాకా

పోతన 15వ శతాబ్దపు కవి. ఆయన ఊరు బమ్మెర ఇప్పుడు తెలంగాణలోని జనగామ జిల్లాలో ఉంది. వ్యాసుడి సంస్కృత భాగవతాన్ని ఆయన తెలుగు చేశారు. అందులోని కొన్ని భాగాలు పాడైపోతే 5, 6, 11, 12 స్కంధాలను గంగన, సింగన, నారయ అనే కవులు పూర్తి చేశారు. అంటే మనం చదివే భాగవతం కూడా ఒక్కరి చేతితో మిగల్లేదు. తరువాతివారు పట్టుకుని నిలబెడితే నిలిచింది.

అచ్చు యంత్రాలు ఇంటింటికీ పుస్తకాలు అందించని రోజులవి. ఒక పుస్తకం కావాలంటే ఎవరి దగ్గరో ఉన్న ప్రతిని తెచ్చుకుని మొదటి నుంచి చివరి దాకా రాసుకోవాలి. భాగవతం చిన్న పుస్తకం కాదు, అందులో వేల పద్యాలు ఉన్నాయి. త్యాగయ్య తన చేతితో రాసుకున్నదిగా చెప్పే పోతన భాగవత ప్రతి ఒకటి మదురైలోని సౌరాష్ట్ర సభలో భద్రంగా ఉంది.

ఒకసారి ఆలోచిద్దాం. మన పద్యభాగంలో పది పద్యాలు కంఠస్థం చేయమంటేనే మనం నిట్టూరుస్తాం. వేల పద్యాలను చేత్తో రాసే మనిషికి ఒక్కో పద్యం ఎన్నిసార్లు కళ్ల ముందుకు, నోటి మీదికి వచ్చి ఉంటుంది? ఎక్కడ యతి పడింది, ఎక్కడ ప్రాస కుదిరింది, ఏ అక్షరం దగ్గర మాట సాగింది అన్నవన్నీ వేళ్లకు తెలిసిపోతాయి. పోతన పద్యాలకు ఉన్న పేరంతా ఆ శబ్దాల పొందికకే. ఒకే ధ్వని మళ్లీ మళ్లీ వచ్చి చెవికి ఇంపుగా ఉంటుంది. త్యాగయ్య కీర్తనల్లో పల్లవికి, అనుపల్లవికి ప్రాస కలిసే తీరు చూస్తే ఆ సాధన ఎక్కడికి చేరిందో అర్థమవుతుంది. ప్రహ్లాదుడు, గజేంద్రుడు, ధ్రువుడు, గోపికలు ఆయన కీర్తనల్లో ఇంటి మనుషుల్లా వచ్చిపోతుంటారు.

ఇద్దరి మధ్య ఇంకో పోలిక ఉంది. పోతన రామభక్తుడు, కానీ చెప్పింది ఎక్కువగా కృష్ణకథ. రాముడే తనతో భాగవతం పలికించాడని ఆయన నమ్మారు. త్యాగయ్య జీవితమంతా రామనామంతో నిండినది. అయినా ఆయన నాటకాలు రాయడానికి కూర్చున్నప్పుడు ఎంచుకున్నవి ప్రహ్లాదుడి కథ, కృష్ణుడి కథ. పోతన తన భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వలేదని లోకంలో ప్రసిద్ధి. త్యాగయ్యకు కూడా అలాంటి పరీక్షే వచ్చింది.

రాజు పిలుపు, అన్న కోపం

త్యాగయ్య కాలంలో తంజావూరును ఏలిన రాజు రెండవ శరభోజి. ఆయన పండితుడు, పుస్తక ప్రియుడు. సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని ఎంతో పెంచినవాడు. ఆస్థానానికి వచ్చి తన మీద పాడితే ధనం, భూములు ఇస్తానని ఆయన కబురు పంపారని, త్యాగయ్య ఒప్పుకోలేదని సంప్రదాయ కథనం. అప్పుడు ఆయన పాడినదిగా చెప్పే కల్యాణి రాగ కీర్తన ఇప్పటికీ కచేరీల్లో వినబడుతుంది.

కథగా వింటే ఇది గొప్పగా ఉంటుంది. ఇంట్లో ఉన్నవారికి అంత తేలిక కాదు. త్యాగయ్య ఉంఛవృత్తితో బతికేవారు. అంటే వీధుల్లో భజన చేస్తూ వెళ్లి, ఇంటివారు వేసిన గుప్పెడు బియ్యంతో పూట గడుపుకోవడం. దాని మీదే భార్య, కూతురు, ఇంట్లో ఉండి చదువుకునే శిష్యులు అందరూ ఆధారపడాలి. వచ్చిన సంపదను కాదన్నాడని అన్నగారికి మండిపోయింది. త్యాగయ్య పూజించే విగ్రహాలను ఆయన కావేరిలో పడవేశారని, త్యాగయ్య ఎన్నాళ్లో వెతికి వాటిని తిరిగి తెచ్చుకున్నారని చెబుతారు. చివరికి ఇల్లు రెండు భాగాలైంది. ఒక భాగంలో త్యాగయ్య మిగిలారు.

అన్నగారిని దుష్టుడిగా చూపించడం మనకు అలవాటు. కానీ ఆ ఇంట్లో బియ్యం లేని పూటలు కూడా నిజమే కదా. త్యాగయ్య ఎంచుకున్న దారికి ఖరీదు ఉంది. ఆ ఖరీదు ఆయన ఒక్కరే కట్టలేదు. ఈ మాట మరిచిపోకుండా చదివితేనే ఆయన చేసిన పని బరువు తెలుస్తుంది.

సముద్రుడు పాత్రగా వచ్చిన నాటకం

ఇక నాటకాల సంగతి. ప్రహ్లాద భక్తి విజయంలో ఐదు అంకాలు ఉన్నాయి. 40కి పైగా కీర్తనలు, 100కి పైగా పద్యాలు ఉన్నాయి. మొదట్లో త్యాగయ్య తనకు ముందున్న తులసీదాసు, పురందరదాసు వంటి భక్తులకు నమస్కారం చెప్పుకున్నారు. ఆ తరువాత కథలోకి వెళ్లారు.

ప్రహ్లాదుడి కథ అంటే మనకు స్తంభం పగలడం, నరసింహుడు రావడం, హిరణ్యకశిపుడు చావడం గుర్తుకు వస్తాయి. త్యాగయ్య నాటకంలో అవేవీ లేవు. తండ్రి పెట్టిన బాధల్లో ఒకటి పిల్లవాడిని నాగపాశాలతో కట్టి సముద్రంలో పడవేయించడం. త్యాగయ్య అక్కడి నుంచి కథ ఎత్తుకున్నారు. సముద్రుడే ఒక పాత్ర. తనలోకి విసిరేసిన పిల్లవాడిని ముంచకుండా ఆదరిస్తాడు. నారదుడు వస్తాడు. ప్రహ్లాదుడు హరిని చూడాలని తపిస్తాడు. కనిపించినవాడు మళ్లీ దూరమైతే కుమిలిపోతాడు. నాటకమంతా ఆ ఎదురుచూపే. యుద్ధం లేదు, రక్తం లేదు. పోతన 7వ స్కంధంలో చెప్పిన కథ ఊరందరికీ తెలుసు గనుక దాన్నే మళ్లీ చెప్పకుండా, ఆ పిల్లవాడి మనసులోకి త్యాగయ్య వెళ్లారు.

మంచి పుస్తకం నుంచి స్ఫూర్తి పొందడం అంటే ఇదేనని మాకు అనిపించింది. ఉన్నదాన్ని మళ్లీ రాయడం కాదు. అందులో ఎవరూ ఎక్కువసేపు ఆగని చోట ఆగి చూడడం.

పద్యం, కీర్తన రెండూ ఈ నాటకంలో పక్కపక్కనే ఉంటాయి. పద్యానికి తాళం ఉండదు. గాయకుడు రాగంలో దాన్ని నెమ్మదిగా చదువుతాడు. పద్యం ముగిశాక మృదంగం అందుకుంటే కీర్తన మొదలవుతుంది. పద్యం కథను నడిపిస్తుంది, కీర్తన ఆ క్షణంలో పాత్ర మనసును విప్పుతుంది. మన ఊళ్లలో పౌరాణిక నాటకాలు చూసిన తాతలకు ఈ పద్ధతి వెంటనే తెలుస్తుంది.

యమున మీద తుఫాను

రెండో నాటకం నౌకా చరిత్రం. ఇది చిన్నది. ఒకే అంకం, 20కి పైగా కీర్తనలు. గోపికలు కృష్ణుణ్ణి పడవలో ఎక్కించుకుని యమున మీద విహారానికి బయలుదేరతారు. పడవ బాగా సాగుతోంది. అంతా తమ గొప్పే అని వారికి గర్వం వస్తుంది. అప్పుడు ఆకాశం మూసుకుంటుంది. గాలివాన మొదలవుతుంది. పడవకు రంధ్రం పడి నీళ్లు లోపలికి వస్తాయి. మీ వస్త్రాలతో ఆ రంధ్రం మూయండి అని కృష్ణుడు చెబుతాడు. గర్వం పోయి, సిగ్గు కూడా వదిలి వారు అలాగే చేస్తారు. ఆ భయంలోనూ వారి దిగులు తమ ప్రాణాల గురించి కాదు, కృష్ణుడికి ఏమవుతుందోనని. చివరికి వాన తగ్గుతుంది, పడవ ఒడ్డుకు చేరుతుంది.

ఈ కథ పోతన భాగవతంలో లేదు. వ్యాస భాగవతంలోనూ లేదు. కృష్ణుడూ గోపికలూ యమునా భాగవతంలోనివే. తుఫాను మాత్రం త్యాగయ్య కల్పన. ఒక పుస్తకంతో అంతకాలం కలిసి బతికినవాడు, ఆ పుస్తకంలో లేని కథను కూడా అందులోనిదే అనిపించేలా చెప్పగలిగాడు.

ఈ నాటకం చదువుతుంటే మాకు పుస్తకం దూరంగా అనిపించలేదు. మన ద్వీపాల్లో పడవ లేకుండా రోజు గడవదు. జంగ్లీఘాట్‌లో తెల్లవారకముందే పడవలు చేపలతో తిరిగి వస్తాయి. వానాకాలంలో సముద్రం లేస్తే స్వరాజ్ ద్వీప్ వెళ్లే పడవలు ఆగిపోతాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీని కళ్లారా చూసినవారు మన ఇళ్లలో ఉన్నారు. పడవలోకి నీళ్లు వస్తే మనిషికి ఏం మిగులుతుందో వారికి చెప్పనక్కర్లేదు. ముందు గర్వం పోతుంది. పక్కవారి గురించిన దిగులు మిగులుతుంది. త్యాగయ్య ఉన్నది నది ఒడ్డున. అయినా ఈ మాట సముద్రం మీద బతికేవారికి కూడా సరిపోయేలా చెప్పారు.

నౌకా చరిత్రంలోని సారంగ రాగపు పడవ పాట, పున్నాగవరాళిలోని గంధం పాట విడివిడిగా చాలామందికి తెలుసు. గంధం పాటకు పిల్లలు నాట్యం కూడా చేస్తారు. అవి ఒక పెద్ద కథలో భాగమని మాత్రం తెలియదు. కచేరీలో ఒక్కో కీర్తనను విడిగా తీసి పాడడం అలవాటు. నాటకం మొత్తాన్ని వినిపించాలంటే ఎక్కువమంది గాయకులు, ఎక్కువ సమయం, భాష తెలిసిన శ్రోతలు కావాలి. తమిళ నేల మీద తెలుగు అర్థమయ్యే శ్రోతలు తగ్గుతున్న కొద్దీ పాటలు మిగిలాయి, కథ మరుగున పడింది.

రాసి ఉంచినవారు

సీతారామ విజయం అనే మూడో నాటకం కూడా త్యాగయ్య రాశారని సంప్రదాయం చెబుతుంది. అది ఇప్పుడు మనకు దొరకడం లేదు. మిగిలిన రెండూ ఎలా దొరికాయి? శిష్యుల వల్ల. వారిలో ముఖ్యులు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్. ఆయన మాతృభాష తెలుగు కాదు, సౌరాష్ట్రం. నేత పనికి పేరున్న సౌరాష్ట్ర సమాజానికి చెందినవారు. గురువు పాడుతుంటే కీర్తనలను రాసి పెట్టుకున్నారు. ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ కూడా ఆ పని కొనసాగించారు. తండ్రీకొడుకులు గురువుగారి జీవిత విశేషాలను కూడా రాసి ఉంచారు. మదురై సౌరాష్ట్ర సభలో ఉన్న ప్రతులు వారి వైపు నుంచి వచ్చినవే.

త్యాగయ్య 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి రోజున తిరువయ్యారులో కన్నుమూశారు. అంతకు కొద్దిగా ముందే సన్యాసం స్వీకరించారు. కావేరి ఒడ్డున సమాధి కట్టారు. కాలం గడిచే కొద్దీ దాన్ని పట్టించుకునేవారు కరువయ్యారు. 20వ శతాబ్దంలో బెంగళూరు నాగరత్నమ్మ అనే గాయని తన సంపాదన ఖర్చుపెట్టి అక్కడ గుడి కట్టించారు. ఆరాధనలో స్త్రీలు పాడడానికి వీల్లేని రోజుల్లో ఆ హక్కు కోసం నిలబడ్డారు. ఆమె 1952లో మరణించారు. ఆమె సమాధి కూడా అక్కడే ఉంది.

ఈ రోజు మనకు దొరికే త్యాగయ్య కీర్తనలు దాదాపు 700. అవి మనదాకా రావడానికి ఎంతమంది చేతులు కలిశాయో లెక్కపెట్టుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. బమ్మెరలో ఒకరు రాశారు. పాడైన భాగాలను ముగ్గురు పూరించారు. తిరువయ్యారులో ఒకరు కూర్చుని తిరగరాసుకున్నారు. అందులోంచి పుట్టిన పాటలను వేరే భాష మాట్లాడే శిష్యుడు కాపాడారు. మరచిపోయిన సమాధిని ఒక గాయని నిలబెట్టారు. ఎవరూ రాసి ఉంచని నాటకం పోయింది.

తెలుగు నేలకు దూరంగా ఉన్నంత మాత్రాన తెలుగు తగ్గిపోదని త్యాగయ్య జీవితం మనకు చెబుతోంది. ఇంట్లో ఒక్క పుస్తకం రోజూ తెరుచుకుంటే చాలు. అదే సమయంలో ఒక హెచ్చరిక కూడా ఉంది. పాడేవారితో పాటు రాసిపెట్టేవారు లేకపోతే ఎంత గొప్ప పాటైనా నిలవదు. మన ఇళ్లలో నాయనమ్మలు, అమ్మమ్మలు వల లాగేటప్పటి పాటలు, ఊయల పాటలు, ఊరి దేవత పాటలు ఇంకా పాడుతున్నారు. వాటిలో చాలా వరకు ఏ పుస్తకంలోనూ లేవు. ఈ సెలవుల్లో ప్రతి ఒక్కరం ఒక్కో పాటను తెలుగు లిపిలో, తప్పుల్లేకుండా, పాడినవారి పేరుతో సహా రాసుకొద్దాం. వచ్చే సంచికలో ఈ తెలుగు విభాగం పేజీలను వాటితో నింపుదాం. ఇకపై ఎక్కడైనా కచేరీ చివర ఆ సౌరాష్ట్ర రాగ మంగళం వినబడితే, సముద్రుడు ఆదరించిన ఆ పిల్లవాడిని కూడా ఒక్క క్షణం తలచుకుందాం.